అంగన్‌వాడీలో చదువు బాగుపడాలంటే రాష్ట్ర ప్రభుత్వాన్ని అడగాల్సిన తీరు

"చిన్నపిల్లల చదువు మెరుగుపరచండి" అని వినతిపత్రం ఇస్తే ఏ ప్రభుత్వమూ కాదనదు. తీసుకుంటుంది, రసీదు ముద్ర వేసి ఇస్తుంది, పరిశీలిస్తామంటుంది. ఆ కాగితం అక్కడే ఆగిపోతుంది. అందులో ఏ అధికారైనా సంతకం పెట్టడానికి వీలైన పని ఒక్కటీ లేకపోవడమే కారణం. ఫలానా శాఖ, ఫలానా ఉత్తర్వు, ఏడాదికి ఇంత ఖర్చు, ఈ తేదీలోగా అని రాసిస్తే అదే కాగితం ఫైలవుతుంది. ఆ కాగితం ఎలా తయారుచేయాలి, ఏ నెలలో ఎవరికి ఇవ్వాలి, జీవో వచ్చాక ఏం చూసుకోవాలి అన్నది ఇక్కడ చెబుతున్నాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం పనిచేయాలనుకునే తల్లిదండ్రులు, టీచర్లు, సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు దీన్ని నేరుగా వాడుకోవచ్చు.

ఏది హక్కు, ఏది హామీ

ఈ తేడా తెలియకుండా మాట్లాడితే మొదటి సమావేశంలోనే మాట పోతుంది. రాజ్యాంగంలోని 21ఎ అధికరణ చదువును హక్కుగా ఇచ్చింది 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకే. ఆరేళ్ల లోపు వాళ్ల సంగతి 2002 నాటి 86వ సవరణ తర్వాత 45వ అధికరణలో ఉంది. అక్కడ ఉన్నది ప్రభుత్వం "ప్రయత్నించాలి" అనే. 2009 విద్యాహక్కు చట్టంలోని 11వ సెక్షన్ కూడా మూడేళ్లు దాటిన పిల్లలకు ఉచిత పూర్వ ప్రాథమిక విద్యకు ప్రభుత్వం ఏర్పాట్లు "చేయవచ్చు" అంటుందే తప్ప చేసి తీరాలనదు. "ఇది మా పిల్లల చట్టబద్ధ హక్కు" అని మీరు గట్టిగా అంటే, చట్టం తెలిసిన అధికారి ఈ సెక్షన్ చూపించి మాట ముగిస్తాడు.

అయితే రెండు విషయాల్లో గట్టి పట్టు ఉంది. ఒకటి భోజనం. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం 3 నుంచి 6 ఏళ్ల బిడ్డకు ఆ చట్టం షెడ్యూలులో చెప్పిన పోషక ప్రమాణాల మేరకు ఆహారం అందాలి. అందకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. రెండోది అంగన్‌వాడీ కేంద్రం తెరిపించుకోవడం. ఆరేళ్ల లోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని పల్లె లేదా బస్తీ వాళ్లు అడిగితే, మూడు నెలల్లోగా కేంద్రం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న ఆదేశించింది. మీ తండాలో గానీ కాలనీలో గానీ ఆ పరిస్థితి ఉంటే ప్రచారం, ఉద్యమం దాకా పోనక్కర్లేదు. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలతో జాబితా, గ్రామసభ తీర్మానం, ఆ ఉత్తర్వు ప్రతి జతచేసి సీడీపీవోకు (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి) ఇచ్చి తేదీతో రసీదు తీసుకోండి. మూడు నెలలు ఆ తేదీ నుంచి లెక్కపెట్టండి.

మిగతా చోట్ల ప్రభుత్వం తాను చెప్పిన మాటే మీకు ఆధారం. 2030 నాటికి పిల్లలందరికీ పూర్వ ప్రాథమిక విద్య అందాలని 2020 జాతీయ విద్యావిధానం రాసుకుంది. "పోషణ్ భీ పఢాయీ భీ" (పోషణతోపాటు చదువు కూడా) అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం 2023లో మొదలైంది. అంగన్‌వాడీలో రోజుకు కనీసం రెండు గంటలు ఆటపాటల చదువు జరగాలన్నది దాని లెక్క. 3 నుంచి 6 ఏళ్ల వాళ్లకు "ఆధారశిల" పాఠ్యప్రణాళిక 2024లో వచ్చింది. మా సలహా: ఆ రెండు గంటలను పట్టుకోండి. కొలవడానికి వీలున్నది, ఎవరూ కాదనలేనిది అదే.

డబ్బు ఎవరిదో కూడా ముందే తెలుసుకోండి. అంగన్‌వాడీ పథకంలో సాధారణ ఖర్చు కేంద్ర ప్రభుత్వం 60, రాష్ట్రం 40 శాతం చొప్పున, పోషకాహారం చెరిసగం భరిస్తాయి. టీచర్‌కు కేంద్ర నిబంధన ప్రకారం గౌరవ వేతనం నెలకు 4,500 రూపాయలు, ఆయాకు 2,250. ఇది 2018 అక్టోబరు నాటి లెక్క. దానిపైన ఇచ్చేదంతా రాష్ట్ర ఖజానాదే. కాబట్టి మంత్రి "అది ఢిల్లీ చేతిలో ఉంది" అంటే, ఏ భాగం ఢిల్లీదో ఏ భాగం అమరావతిదో, హైదరాబాద్‌దో మీకు తెలిసి ఉండాలి.

అంగన్‌వాడీ కేంద్రంలో ఒక పూట

వాదన కన్నా ముందు లెక్క కావాలి. 20 నుంచి 30 కేంద్రాలు ఎంచుకోండి. అన్నీ ఒకే ప్రాజెక్టులో (ఒక సీడీపీవో కింద ఉండే కేంద్రాలన్నీ ఒక ప్రాజెక్టు) వద్దు, కనీసం మూడు ప్రాజెక్టుల్లోవి తీసుకోండి. సొంత భవనంలో నడిచేవి, అద్దె గదిలో నడిచేవి, బడి ఆవరణలో ఉన్నవి, గిరిజన ప్రాంతంలోవి, పట్టణ బస్తీలోవి కలిసి ఉండాలి. సీడీపీవోకు ముందుగా ఉత్తరం ఇచ్చి అనుమతి తీసుకోండి. అనుమతి లేకుండా వెళ్తే తర్వాత మీ లెక్కను కొట్టిపారేయడానికి ఆ ఒక్క కారణం చాలు.

ఒక కాగితం మీద నాలుగు నిలువు గడులు గీయండి: సమయం, గదిలో పిల్లలు ఎందరు, పిల్లలు ఏం చేస్తున్నారు, టీచర్ ఏం చేస్తున్నారు. కేంద్రం తెరిచినప్పటి నుంచి భోజనం దాకా పది నిమిషాలకోసారి ఒక వరుస నింపాలి. అభిప్రాయం రాయొద్దు, కంటికి కనిపించిందే రాయండి. "9.40, పద్నాలుగు మంది, చాప మీద కూర్చున్నారు, టీచర్ ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ యాప్‌లో హాజరు ఎక్కిస్తున్నారు." "9.50, పదిహేడు మంది, ఇద్దరు ఏడుస్తున్నారు, టీచర్ గర్భిణికి సరుకులు తూస్తున్నారు." "10.00, పదిహేడు మంది, ఆయా గేయం పాడిస్తున్నారు, టీచర్ రిజిస్టర్ రాస్తున్నారు." రెండు గంటలంటే ఇలాంటి వరుసలు పన్నెండు. ఆ పన్నెండింటిలో టీచర్ పిల్లలతో కథ, పాట, ఆట, బొమ్మలు, మాటల్లో ఉన్నవి ఎన్నో లెక్కపెట్టండి. ప్రతి కేంద్రంలో రెండు వేర్వేరు రోజులు చూడండి. టీకాలు వేసే రోజు, సరుకులు దిగే రోజు మామూలు రోజులు కావు, వాటిని విడిగా రాయండి.

టేపు కూడా వెంట ఉండాలి. గది కొలత అంటే గోడ నుంచి గోడకు కాదు. బియ్యం బస్తాలు, గ్యాస్ పొయ్యి, బీరువా పోగా పిల్లలకు మిగిలిన నేల ఎంతో కొలవండి. పూర్వ ప్రాథమిక విద్యకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన నాణ్యతా ప్రమాణాల ప్రకారం 30 మంది పిల్లలకు 35 చదరపు మీటర్ల గది ఉండాలి, 3 నుంచి 6 ఏళ్ల వాళ్లకు ప్రతి 20 మందికి ఒక పెద్దమనిషి ఉండాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మీ నివేదికలో కేంద్రం పేరు గానీ టీచర్ పేరు గానీ రాకూడదు. కేంద్రం పేరు రాస్తే మర్నాడు మెమో అందుకునేది ఆ టీచరే. ఆమె మీద పది పనులు మోపిన ఉత్తర్వులు మాత్రం అలాగే ఉంటాయి. ఇంకో కేంద్రంలో మిమ్మల్ని లోపలికి రానివ్వరు కూడా. కేంద్రాలకు అంకెలు ఇచ్చుకోండి, పేర్లున్న కాగితం బృందంలో ఒక్కరి దగ్గరే ఉంచండి. పిల్లల ముఖాలు కనబడే ఫొటోలు తీయొద్దు. ఖాళీ గది, పగిలిన గచ్చు, సామాను మధ్య మిగిలిన చోటు, ఇవి చాలు.

సమాచార హక్కు కింద అడిగేవి

కళ్లతో చూసిన దానికి ప్రభుత్వం సొంత లెక్క తోడైతే ఎదురు మాట ఉండదు. "ఎందుకు చేయలేదు?" అని అడిగితే జవాబు రాదు, అభిప్రాయం చెప్పాల్సిన పని సమాచార అధికారికి లేదు. కాగితాలు అడగండి:

1. ప్రాజెక్టువారీగా మంజూరైన టీచర్, ఆయా, సూపర్‌వైజర్ పోస్టులు ఎన్ని, ఫలానా తేదీ నాటికి ఖాళీలు ఎన్ని.
2. గడచిన మూడేళ్లలో ఆటవస్తువుల కిట్లు కొన్న ఉత్తర్వుల ప్రతులు, కేంద్రాలకు అందిన తేదీల జాబితా.
3. అంగన్‌వాడీ టీచర్లు నింపాల్సిన రిజిస్టర్లు, యాప్‌ల జాబితా, వాటిని తప్పనిసరి చేసిన సర్క్యులర్ల ప్రతులు.
4. పూర్వ ప్రాథమిక విద్యపై ఏడాదిలో ఇచ్చిన శిక్షణ ఎన్ని రోజులు, హాజరైనవారు ఎందరు.

మూడో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ మాకు అన్నిటికన్నా విలువైనది అదే. టీచర్ సమయం ఎక్కడికి పోతోందో శాఖ సంతకంతోనే బయటికొస్తుంది. ఒక దరఖాస్తులో నాలుగైదు ప్రశ్నలకు మించొద్దు. ఖాళీల సంగతి సీడీపీవో కార్యాలయంలో, సర్క్యులర్ల సంగతి కమిషనరేట్‌లో (మహిళా, శిశు సంక్షేమ శాఖ రాష్ట్ర కార్యాలయంలో) విడివిడిగా అడగండి. రుసుము 10 రూపాయలు. తెల్లకార్డు ఉన్నవాళ్లకు అదీ లేదు, కార్డు నకలు జతచేస్తే చాలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే తర్వాతి 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, దానిపై వచ్చిన నిర్ణయం నచ్చకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయాలి. చాలామంది మొదటి అప్పీలు గడువు దాటబెట్టుకుని మళ్లీ మొదటికొస్తారు. దరఖాస్తు పంపిన రోజే ఆ తేదీలన్నీ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.

బడ్జెట్ పుస్తకం చదవడం

ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో బడ్జెట్ సంపుటాలన్నీ ఉంటాయి. మీకు కావాల్సిన పద్దులు మూడు: 2235 సామాజిక భద్రత, సంక్షేమం (దానిలో శిశు సంక్షేమం), 2236 పోషకాహారం, 4235 భవనాల వంటి పెట్టుబడి ఖర్చు. ప్రతి పద్దుకూ బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు అని అంకెలుంటాయి. వాస్తవ ఖర్చు రెండేళ్ల కిందటిది కనిపిస్తుంది. కాబట్టి మూడేళ్ల పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని ఒకే ఏడాదికి మూడు అంకెలూ వరుసగా రాయండి. కేటాయింపు పెద్దదిగా ఉండి వాస్తవ ఖర్చు సగం కూడా లేకపోతే, మీరు "ఇంకా కేటాయించండి" అని అడగకూడదు. ఇచ్చింది ఎందుకు విడుదల కాలేదో అడగాలి. ఈ రెండూ వేర్వేరు పోరాటాలు, వేర్వేరు అధికారులతో.

సమయం విషయంలో ఎక్కువమంది పొరబడతారు. బడ్జెట్ ఫిబ్రవరి, మార్చిల్లో సభకు వస్తుంది కాబట్టి జనవరిలో వినతిపత్రాలు పట్టుకుని తిరుగుతారు. శాఖలు ఆర్థిక శాఖకు ప్రతిపాదనలు పంపేది అంతకు చాలా ముందు, శీతాకాలం మొదట్లోనే. మీ కాగితం కమిషనరేట్‌కు సెప్టెంబరు, అక్టోబరుల్లో చేరితే ప్రతిపాదనలో ఒక వరుసగా చేరే అవకాశం ఉంటుంది. జనవరిలో చేరితే వచ్చే ఏటికే.

కోరిక రాసే పద్ధతి

ఒకసారికి ఒక్కటే అడగండి. పన్నెండు డిమాండ్ల జాబితా ఇస్తే అందులో తేలికైనది ఏదో ఒకటి చేసి, ముఖ్యమైనవి పక్కన పెడతారు.

ఉత్తర్వుల మెట్లు తెలిస్తే ఏది ముందు అడగాలో తెలుస్తుంది. కమిషనర్ సర్క్యులర్‌కు సాధారణంగా ఆయన సంతకం చాలు, డబ్బు అక్కర్లేదు. కొత్త పోస్టులకు, గౌరవ వేతనానికి, అద్దె పెంపునకు జీవో ఎంఎస్ (శాఖ కార్యదర్శి స్థాయిలో వచ్చే ప్రభుత్వ ఉత్తర్వు) కావాలి, దానికి ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి. చట్టం కావాలంటే మంత్రిమండలి, శాసనసభ. చాలా బృందాలు పై మెట్టుతో మొదలుపెట్టి ఏళ్లు గడుపుతాయి. పైసా ఖర్చు లేని సర్క్యులర్‌తో మొదలుపెట్టడమే మేలని మా గట్టి నమ్మకం. అది సాధిస్తే అధికారులు మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు, టీచర్లు మీవైపు నిలబడతారు, తర్వాతి డబ్బు అడిగే కోరికకు బలం వస్తుంది.

అలాంటి సర్క్యులర్ ముసాయిదా ఇలా ఉండొచ్చు:

"అంగన్‌వాడీ కేంద్రాల్లో ప్రతి పనిదినం ఉదయం 9.30 నుంచి 11.30 వరకు పూర్వ ప్రాథమిక విద్యకే కేటాయించాలి. ఆ సమయంలో యాప్‌లో వివరాలు నమోదు చేయించడం, సరుకుల పంపిణీ, టెలికాన్ఫరెన్స్, సమావేశాలు జరపరాదు. పిల్లల హాజరు 9.30 లోపు నమోదు చేయాలి. సాంకేతిక కారణాలతో వీలు కాకపోతే మధ్యాహ్నం నమోదు చేసినా టీచర్‌పై చర్య ఉండదు. సూపర్‌వైజర్లు తమ పర్యటనలో ఈ రెండు గంటలను గమనించి నివేదికలో రాయాలి."

నాలుగో వాక్యం తీసేస్తే ఈ సర్క్యులర్ పనిచేయదు. సిగ్నల్ రాని ఊళ్లో టీచర్ 9.30కి హాజరు ఎక్కించలేకపోతే, మెమోకు భయపడి పిల్లల్ని వదిలి ఫోన్ పట్టుకుని చెట్టు కిందికి వెళ్తుంది. మీరు ఏ కోరిక రాసినా అది అమలయ్యే గదిని ఊహించుకుని, అక్కడ ఎవరు ఎందుకు భయపడతారో చూసి రాయండి.

డబ్బు అడిగేటప్పుడు లెక్క మీరే వేసి ఇవ్వండి. కేంద్రానికి నెలకు వెయ్యి రూపాయలు ఎక్కువ ఇవ్వమనడం చిన్న మాటలా ఉంటుంది. తెలంగాణలో కేంద్రాలు 35 వేలకు పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా ఉన్నాయి. అంటే ఏడాదికి తెలంగాణలో దాదాపు 42 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 66 కోట్లు. ఈ అంకె మీరు చెప్పకపోతే ఆర్థిక శాఖ చెబుతుంది, "భారం మోయలేం" అన్న మాటతో కలిపి. మీరే చెబితే దశలు కూడా చెప్పవచ్చు. ఉదాహరణకు రెండో సహాయకురాలిని, అంటే ఇంకో ఆయాను అడిగేటప్పుడు: మొదటి ఏడాది 40 మందికి పైగా పిల్లలున్న కేంద్రాల్లోనే, రెండో ఏడాది 30 దాటినవి, అలా.

మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరుగుతుందన్న మాట విద్యావిధానంలోనే ఉంది. వినతిపత్రంలో ఒక్క వాక్యంగా రాసి వదిలేయండి. ఆ బల్ల అవతల కూర్చున్నవాళ్లు దాన్ని వందసార్లు విన్నారు, మీ ఊరి పన్నెండు వరుసల లెక్క వినలేదు. మొత్తం ఒక పేజీ, వెనుక రెండు పేజీల పట్టికలు. అంతకు మించి ఎవరూ చదవరు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

కింది నుంచి పైకి వెళ్లండి: సూపర్‌వైజర్, సీడీపీవో, జిల్లా అధికారి, కలెక్టర్, కమిషనర్, శాఖ కార్యదర్శి. మధ్యలో ఒకరిని దాటి పైకి వెళ్తే కాగితం మళ్లీ వాళ్ల రిపోర్టు కోసమే కిందికి వస్తుంది, అప్పుడు వాళ్లు మీకు అనుకూలంగా రాయరు. జిల్లా స్థాయిలో తేలే వాటికి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమం ఉంది. తెలంగాణలో అది ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అద్దె, మరుగుదొడ్డి, కరెంటు లాంటివి అక్కడ అడగండి. విధానం మార్చే అధికారం కలెక్టర్‌కు లేదు.

రాష్ట్ర సచివాలయంలో ఫైలు పుట్టేది మంత్రి పేషీలో కాదు, ఆ శాఖ ఫైళ్లు నడిపే సెక్షన్‌లో. మంత్రికి ఇచ్చిన వినతిపత్రం మీద "పరిశీలించండి" అని రాసి సెక్షన్‌కు పంపుతారు. వారం తర్వాత అక్కడికి వెళ్లి ఫైలు నంబరు అడిగి రాసుకోండి. ఆ తర్వాత మీరు రాసే ప్రతి ఉత్తరం మీద ఆ నంబరు ఉండాలి. నంబరు లేని కోరికకు ఎవరూ జవాబుదారీ కారు.

ఎమ్మెల్యేను ఫొటో కోసం కలవొద్దు, సభలో అడగడానికి ప్రశ్న రాసిపెట్టి ఇవ్వండి. రెండు రాష్ట్రాల్లోనూ శాసనమండలి ఉంది. ఉపాధ్యాయ, పట్టభద్రుల నియోజకవర్గాల ఎమ్మెల్సీలు చదువు విషయాలపై ప్రశ్నలు తీసుకోవడానికి ఎక్కువ ఇష్టపడతారు. నక్షత్ర గుర్తు ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబివ్వాలి, అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబు వస్తుంది. మీకు అంకెలు కావాలంటే రెండోదే మంచిది. సభలో నడిచే పద్ధతిలోనే రాసివ్వండి:

"మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి ఈ క్రింది విషయాలు తెలియజేస్తారా: అ) రాష్ట్రంలో 40 మందికి పైగా పిల్లలు నమోదైన అంగన్‌వాడీ కేంద్రాలు ఎన్ని, ఆ) వాటిలో ఒకే టీచర్, ఒకే ఆయా ఉన్నవి ఎన్ని, ఇ) అదనపు సిబ్బందిని నియమించే ప్రతిపాదన ప్రభుత్వం వద్ద ఉన్నదా, ఈ) ఉంటే ఎప్పటిలోగా?"

సమావేశాలు మొదలవడానికి కనీసం మూడు వారాల ముందు ఇది ఎమ్మెల్సీ చేతిలో ఉండాలి, నోటీసు గడువు ఉంటుంది. మంత్రి ఇచ్చిన జవాబు ప్రతిని దాచుకోండి. సభలో చెప్పిన మాట పత్రికలో వచ్చిన మాట కన్నా వందరెట్లు గట్టిది.

మీతో ఎవరు నడవాలి

అంగన్‌వాడీ యూనియన్లు లేకుండా ఈ పని చేయలేరు, చేయకూడదు కూడా. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరులో మొదలై 2024 జనవరి దాకా సాగిన సమ్మె జీతాలు, గ్రాట్యుటీ కోసమే. గ్రాట్యుటీ వాళ్లకు వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే చెప్పింది. ఆ టీచర్ల దగ్గరికి "రెండు గంటలు పాఠం చెప్పాలి" అన్న కోరికతో మాత్రమే వెళ్తే, అది ఇంకో బరువుగానే వినిపిస్తుంది. "మీ మీద ఉన్న యాప్ పని తగ్గాలి, అప్పుడు పాఠం జరుగుతుంది" అంటే ఇద్దరి కోరికా ఒకటే అవుతుంది. ముసాయిదా ముందు వాళ్లకు చూపించి, వాళ్లు మార్చమన్న చోట మార్చండి.

బడి ఆవరణలోకి అంగన్‌వాడీని మార్చాలని అడిగేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. కాగితం మీద అది మంచి ఆలోచనే. కానీ బడి ఊరికి కిలోమీటరు అవతల ఉంటే మూడేళ్ల బిడ్డ నడవలేడు, గర్భిణి రాలేదు. హాజరు పడిపోయి చివరికి కేంద్రమే మూతపడే దాకా రావచ్చు. ఎన్ని అడుగుల దూరం, దారిలో రోడ్డు దాటాలా, చిన్న మరుగుదొడ్డి ఉందా అని చూసి, ఊరివారీగా అడగండి. ఈ కోరికకు శిశు సంక్షేమ శాఖ, పాఠశాల విద్యాశాఖ రెండూ కలిసి ఉత్తర్వు ఇవ్వాలి. ఒక శాఖ ఇచ్చినది రెండో శాఖ హెడ్‌మాస్టర్‌కు చెల్లదు.

పత్రికల సంగతి క్లుప్తంగా: అధికారులను కలిసి, వాళ్లకు గడువిచ్చి, అది దాటాకే విలేకరుల దగ్గరికి వెళ్లండి. జిల్లా ఎడిషన్‌లో వచ్చిన వార్త కలెక్టర్‌ను కదిలిస్తుంది, విధానాన్ని కదిలించాలంటే రాష్ట్ర పేజీ కావాలి.

జీవో వచ్చాక

స్వీట్లు పంచి ఇంటికెళ్లే రోజు ఇది కాదు. ముందు జీవో చివరి పేరా చదవండి. "మార్గదర్శకాలు విడిగా జారీ చేయబడును" అని ఉంటే అసలు పని ఇంకా మిగిలే ఉంది. ఆ మార్గదర్శకాల తేదీ కోసం వెంటనే ఉత్తరం రాయండి, ముసాయిదా మీరే జతచేయండి. డబ్బుతో కూడిన జీవో అయితే దాని వెనుక బడ్జెట్ విడుదల ఉత్తర్వు రావాలి, బిల్లు ఖజానా దాటాలి, అప్పుడే సొమ్ము ప్రాజెక్టుకు చేరుతుంది. ఆగిన చోటును బట్టి అడిగే మనిషి మారతాడు: విడుదల కాకపోతే ఆర్థిక శాఖ, విడుదలై బిల్లు పెట్టకపోతే సీడీపీవో, బిల్లు పెట్టినా రాకపోతే ఖజానా. ఏళ్ల తరబడి విడుదల కాని నిధుల సంగతిపై కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) నివేదికల్లో ఏమైనా రాశారేమో చూడండి. ఆ నివేదికలు శాసనసభ ప్రజా పద్దుల కమిటీ ముందుకు వెళ్తాయి, కమిటీ సభ్యులకు మీ లెక్క అందజేయవచ్చు.

కమిషనర్ బదిలీ అయితే కొత్తగా వచ్చినవారిని వారంలోగా ఫైలు నంబరు, పాత ఉత్తరాల ప్రతులతో కలవండి. కొత్తగా మొదలుపెట్టినట్టు కాకుండా, మధ్యలో ఉన్న పనిని కొనసాగించమన్నట్టు మాట్లాడండి. ఎన్నికల కోడ్ వచ్చిందంటే కొత్త నిర్ణయాలు ఆగిపోతాయి. ఆ వారాల్లో పార్టీల మేనిఫెస్టో కమిటీలకు అదే ఒక పేజీ, అదే అంకెతో ఇవ్వండి. "అంగన్‌వాడీలను బలోపేతం చేస్తాం" అని రాసుకుంటే ఒప్పుకోవద్దు, "40 మంది దాటిన ప్రతి కేంద్రానికి రెండో సహాయకురాలు" అని రాయమనండి.

ఉత్తర్వు కేంద్రాలకు చేరిందన్న మూడు నెలలకు, మొదట చూసిన అవే కేంద్రాలకు, అదే నాలుగు గడుల కాగితంతో వెళ్లండి. పన్నెండు వరుసల్లో ఎన్ని మారాయో రాసి కమిషనర్‌కు, మీ ప్రశ్న అడిగిన ఎమ్మెల్సీకి, యూనియన్‌కు ఒకేరోజు పంపండి. మారని చోట్ల ఏ పని అడ్డం వచ్చిందో టీచర్‌నే అడిగి రాసుకోండి. రెండో కోరిక దానిలోంచే తీయాలి.